రాంగ్ పార్కింగ్ చలాన్ తప్పుగా పడితే రద్దు చేయించుకోవడం ఎలా? (హైదరాబాద్)

బోయిన్‌పల్లి_బండి:

నమస్తే అందరికీ. మా కారు మీద రాంగ్ పార్కింగ్ చలాన్లు రెండు కనిపిస్తున్నాయి. రెండూ ఒకే రోజువి, ఒకే చోటువి, మధ్యలో తేడా 14 నిమిషాలు. ఫోన్‌కి మెసేజేమీ రాలేదు, సైట్‌లో చూస్తేనే తెలిసింది. ఫోటోల్లో కారు వెనక భాగం, నంబర్ ప్లేటు, పక్కన మూసి ఉన్న ఒక షాపు షట్టర్ తప్ప ఇంకేమీ లేదు. నో పార్కింగ్ బోర్డు ఎక్కడా కనబడదు.

అడగదలచుకున్నవి ఇవీ. ఎవరికి రాయాలి, ఏం రాయాలి? ముందు కట్టేసి తర్వాత వాపసు అడగొచ్చా? బోర్డు లేదన్న వాదన నిలుస్తుందా? ఒకవేళ కోర్టుదాకా పోతే ఏమవుతుంది? లాయర్ ఫీజు చలాన్ కంటే పది రెట్లయితే దండగే కదా. తెలిసినవాళ్ళు వరసగా చెప్తే మేలు.

చలానా_చదువరి:

రెండో ప్రశ్నకి జవాబు ముందు చెప్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే చెడగొట్టుకుంటారు. కట్టకండి. ఈ-చలాన్ మీద మీరు కట్టేది మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కింద రాజీ రుసుము. అది కట్టారంటే తప్పు ఒప్పుకుని విషయం ముగించుకున్నట్టే లెక్క. ఆ తర్వాత మీ మీద కేసు ఉండదు, మీకు అడగడానికీ ఏమీ మిగలదు. కట్టిన సొమ్ము వెనక్కి రప్పించుకోవడం చలాన్ రద్దు చేయించుకోవడం కంటే ఎన్నో రెట్లు కష్టం. మీకు రెండు చలాన్లున్నాయి కాబట్టి ఇంకో జాగ్రత్త: సైట్‌లో అన్నిటికీ కలిపి టిక్ పెట్టి కట్టేయకండి. అభ్యంతరం లేనిది ఉంటే దాన్నొక్కదాన్నే ఎంచుకుని కట్టొచ్చు.

ఇక చలాన్‌ని చదవడం. తెలంగాణ పోలీసు ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు, అడిగిన మిగతా వివరాలు ఇస్తే ఒక పట్టిక వస్తుంది. అందులో యూనిట్ పేరు (చలాన్ వేసిన పోలీసు కమిషనరేట్), చలాన్ నంబరు, తేదీ, సమయం, చోటు, పీఎస్ పరిధి, ఉల్లంఘన, ఫైన్, యూజర్ ఛార్జీ, మొత్తం, చివర్లో ఫోటో ఉంటాయి. యూజర్ ఛార్జీ చలాన్‌కి 35 రూపాయలు. రెండు చలాన్లయితే అదీ రెండుసార్లు పడుతుంది. అందరూ ఫైన్ గడి చూసి ఊరుకుంటారు గానీ మీ పని జరిగేదీ ఆగేదీ మొదటి గడిలో ఉన్న యూనిట్ పేరు మీదే. హైదరాబాద్ యూనిట్ వేసిన చలాన్ మీద సైబరాబాద్‌కి రాస్తే అది అక్కడే పడి ఉంటుంది. ఈ కమిషనరేట్ల హద్దులు కూడా మారుతుంటాయి, కాబట్టి 'ఈ ఏరియా ఫలానా వాళ్ళది' అని మనసులో ఉన్న లెక్కతో పోకండి. చలాన్ మీద ఏముందో అదే.

పట్టిక మొత్తం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఫోటో లింకు తెరిచి బొమ్మని విడిగా సేవ్ చేసుకోండి. ఫోటోలో పైనో కిందో ముద్రించిన తేదీ, సమయం ఉంటే వాటిని పట్టికలో ఉన్నవాటితో పోల్చండి. రెంటికీ పొసగకపోతే మీ అర్జీలో మొదటి వాక్యం అదే అవ్వాలి.

తర్వాత మీ అభ్యంతరం ఏ రకమో తేల్చుకోండి. నిలబడేవి కొన్నే: ఫోటోలో ఉన్న బండి మీది కాదు, బండి మీదే కానీ ఒకే తప్పుకి రెండుసార్లు పడింది, ఫోటోలో కనిపిస్తున్నది చలాన్‌లో రాసిన తప్పు కాదు, అక్కడ పార్కింగ్‌కి అనుమతి ఉంది, బండి చెడిపోయి ఆగింది, ఆ తేదీకి బండి మీ పేరున లేదు లేదా దొంగతనానికి గురైంది. 'రెండు నిమిషాలే ఆపాను', 'అందరూ అక్కడే పెడతారు', 'షాపు వాళ్ళే పెట్టుకోమన్నారు' లాంటివి మూడు పేజీలు రాసినా పనికిరావు. పైగా వాటిని అసలు పాయింటుతో కలిపి రాస్తే అసలు పాయింటు చదివేవాడి కంట్లో పడదు.

మీది రెండోసారి పడ్డ కేసు, బోర్డు కేసు కాదు. అదే పట్టుకోండి.

టైర్ల_దుకాణం:

అన్నా, అందరికంటె ముందుగాల ఫోటోల ఉన్న బండి నీదేనా అని చూడు. నవ్వకు, చానా మంది సూడనే సూడరు, ఫైన్ సూసి గాబరా పడతరు. ఏపీ 09, టీఎస్ 09, టీజీ 09 మూడూ ఖైరతాబాద్ నంబర్లే. 2014 కంటె ముందటి బండ్లు ఇంకా ఏపీ ప్లేటుతోనే తిరుగుతున్నయ్, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది. ముంగట అక్షరాలు ఒక్కటి మార్చి కొడితే ఒకని తప్పు ఇంకొకని నెత్తి మీద పడ్తది. ప్లేటు మీద బురద ఉంటే బీ, 8 లెక్క కనబడ్తది; డీ, సున్నా లెక్క కనబడ్తది; 1కి 7కి తేడా తెల్వదు.

ఫోటో పెద్దగ చేసి సూడు. బండి మోడలు, రంగు, వెనక లైట్ల డిజైను, వైపరు ఉందా లేదా, కిందికి గీత పడ్డదా, స్టిక్కరు ఉందా. నీ బండిని గదే కోణంల ఫోటో తీసి పక్కపక్కన పెట్టి పంపు. నంబరు ఒక్కటే గాని బండి వేరే అయితే ఇంక లొల్లే లేదు, ఆర్సీ కాపీ పెడితే మోడలు, రంగు అండ్లనే రాసి ఉంటయ్.

నంబరు కూడ సేమ్, మోడలు కూడ సేమ్ అనుకో, ఎవడో నీ నంబరు ఏసుకుని తిరుగుతున్నడు. హై సెక్యూరిటీ ప్లేటు సూడు: ఎడమ దిక్కు పైన అశోక చక్రం హోలోగ్రామ్, దాని కింద నీలం రంగుల ఐఎన్‌డీ, ఎడమ మూలకు కింద లేజర్‌తోటి చెక్కిన నంబరు. దొంగ ప్లేటుకి ఇవి ఉండయ్, ఉన్నా సక్కగ ఉండయ్. గట్లయితే చలాన్ రద్దు ఒక్కటి అడిగి ఊకోకు, పోలీస్ స్టేషన్‌ల కంప్లైంట్ ఇయ్యి. లేకుంటే ఈ నెల ఒకటి కొట్టేయించుకుంటవ్, వచ్చే నెల ఇంకోటి వస్తది. రేపు గా బండి యాక్సిడెంట్ చేస్తే నీ ఇంటికే వస్తరు.

బోయిన్‌పల్లి_బండి:

చూశానన్నా, ఫోటోలో ఉన్నది మా కారే. వెనక బంపర్ మీద గీత కూడా కనిపిస్తోంది. చదువరి గారూ, రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే కారు అంగుళం కదల్లేదు. షట్టర్ మీద రాసిన అక్షరాలు నంబర్ ప్లేటుకి సరిగ్గా అదే ఎత్తులో ఉన్నాయి. అయితే చలాన్లో చోటు పేరు రెండింటికీ ఒకేలా లేదు. ఒకదాంట్లో మెయిన్ రోడ్డు పేరు, ఇంకోదాంట్లో పక్క వీధి పేరు. అది అడ్డమా?

చలానా_చదువరి:

అడ్డం కాదు, మీకు అనుకూలమే. చోటు పేరు మనుషులు ఎంచుకునేది, ఫోటో కాదు. ఒకే షట్టర్, ఒకే అక్షరాలు, టైరు పక్కన అదే రాయి లేదా అదే గుంత ఉంటే రెండూ ఒకే చోటని దానంతటదే తేలుతుంది. రెండు ఫోటోలనీ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి, కదలని గుర్తుల చుట్టూ ఎర్ర గీతతో సున్నాలు చుట్టండి. మూడు గుర్తులు చాలు.

అర్జీ ఇలా ఉంటే సరిపోతుంది:

'విషయం: ఈ-చలాన్ నంబర్లు (మొదటిది), (రెండోది): ఒకే ఉల్లంఘనకు రెండుసార్లు నమోదు, రెండోదాని రద్దు కోరుతూ.
నా వాహనం నంబరు (ఇంత). (ఫలానా తేదీన) పై రెండు చలాన్లు 14 నిమిషాల తేడాతో నమోదయ్యాయి. జతచేసిన 1వ పేజీలోని ఫోటోల ప్రకారం వాహనం రెండు సమయాల్లోనూ ఒకే స్థలంలో కదలకుండా ఉంది. నిలిపి ఉంచడం ఒకటే కాబట్టి ఉల్లంఘన ఒకటే. రెండో చలాన్‌ను రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను. జతపరచినవి: చలాన్ పట్టిక, పోలిక ఫోటోలు, ఆర్సీ ప్రతి.'

ఇంతే. కింద పేరు, ఫోన్ నంబరు, సంతకం. అన్నీ కలిపి ఒక్క పీడీఎఫ్ చేయండి, ఫైలు పేరుగా చలాన్ నంబరు పెట్టండి. విడివిడిగా ఏడు ఫైళ్ళు పంపితే ఒకటి తెరుస్తారు, ఆరు వదిలేస్తారు.

మొదట సైట్‌లో ఉన్న ఫిర్యాదు మార్గంలో, ఆ యూనిట్‌కి ఇచ్చిన మెయిల్‌కి పంపండి. కొద్ది రోజులకో మారు సైట్‌లోనే చూస్తుండండి, ఎందుకంటే ఒక్కోసారి జవాబు రాకుండానే చలాన్ జాబితాలోంచి పోతుంది. ఉలుకూ పలుకూ లేకపోతే అదే అర్జీ రెండు ప్రింట్లు తీసుకుని ఆ పరిధి ట్రాఫిక్ ఏసీపీ ఆఫీసుకి వెళ్ళి ఇన్‌వార్డ్‌లో (వచ్చిన కాగితాలు తీసుకునే చోట) ఇవ్వండి. ఒక ప్రతి మీద స్టాంపు, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోకుండా బయటికి రావద్దు. చౌరస్తాలో డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌తో వాదించడం వృథా, చలాన్ తీసేసే అధికారం ఆయన చేతిలో లేదు.

నోటీసు_బోర్డు:

బోర్డు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఈ వాదనని నమ్ముకుని బోల్తా పడేవాళ్ళే ఎక్కువ.

కొన్ని చోట్ల బండి ఆపడం బోర్డు ఉన్నా లేకపోయినా తప్పే. ఫుట్‌పాత్, జీబ్రా క్రాసింగ్, మలుపు, చౌరస్తా దగ్గర, వంతెన మీద, బస్టాప్ దగ్గర, బడి లేదా ఆస్పత్రి గేటు ముందు, ఇంకొకరి గేటుకి అడ్డంగా, ఇప్పటికే ఆగి ఉన్న బండికి పక్కన రెండో వరసగా. ఇవన్నీ 2017 నాటి డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో ఉన్నాయి. కోఠిలోనో బేగంబజార్‌లోనో రెండో వరసలో పెట్టి 'బోర్డేది సార్' అంటే ఎవరూ వినరు. చట్టం 122వ సెక్షన్ ఉంది: ఇతరులకి ప్రమాదం, అడ్డంకి, అనవసర ఇబ్బంది కలిగేలా బండి వదిలితే చాలు. దానికీ బోర్డుతో పనిలేదు.

బోర్డు వాదన పనిచేసేది ఎక్కడంటే, రోడ్డు వెడల్పుగా ఉండి, మీరు అంచుకి ఆనించి పెట్టి, ఎవరికీ అడ్డం లేకుండా ఉన్నప్పుడు, 'ఇక్కడ పార్కింగ్ నిషేధం' అన్న ఒక్క కారణంతో చలాన్ పడితే. అప్పుడు నిషేధం ఉందని తెలిసేలా గుర్తు ఉండాలి. చట్టం 116, 117 సెక్షన్లు గుర్తులు పెట్టడం, పార్కింగ్ చోట్లు నిర్ణయించడం గురించే.

బోర్డు అంటే ఏది బోర్డో కూడా చూసుకోండి. నీలం గుండ్రం, ఎర్ర అంచు, మధ్యలో ఒక్క ఎర్ర అడ్డగీత ఉంటే పార్కింగ్ వద్దని. రెండు గీతలు ఇంటూ మార్కులా ఉంటే అసలు ఆపడమే వద్దని, డ్రైవర్ లోపల కూర్చుని ఉన్నా సరే. కింద చిన్న పలకలో బాణం గుర్తో, టైమో ఉంటే నిషేధం ఆ వైపుకే, ఆ టైముకే. రోడ్డు అంచునో కర్బు రాయి మీదో తెగకుండా పసుపు గీత ఉంటే అదీ నో పార్కింగ్ గుర్తే. నలుపు, పసుపు పట్టీలు మార్చిమార్చి వేసిన కర్బు కేవలం రాత్రిళ్ళు కనబడ్డానికి, దాన్ని చూసి కంగారు పడొద్దు. షాపు వాళ్ళు గొలుసుకి వేలాడదీసిన 'కస్టమర్ పార్కింగ్ ఓన్లీ' రేకుకీ, అపార్ట్‌మెంట్ గోడ మీద పెయింట్‌తో రాసిన 'నో పార్కింగ్ - టైర్లలో గాలి తీయబడును' కీ చట్టంలో చోటే లేదు.

రుజువుకి ఫోటో తీసేటప్పుడు బండి పెట్టిన చోటు ఒక్కటే తీస్తే చాలదు. ఆ చోట నిలబడి రెండు వైపులా రోడ్డు పొడవునా తీయండి, తర్వాత ఆ వీధిలోకి మలుపు తిరిగే మూల నుంచి బండి చోటుదాకా నడుస్తూ ఆపకుండా ఒక వీడియో. 'ప్రవేశం నుంచి ఇక్కడిదాకా బోర్డు లేదు' అని చూపేది అదే. చెట్టు కొమ్మల వెనకో ఫ్లెక్సీ వెనకో బోర్డు దాక్కుని ఉంటే డ్రైవర్ కూర్చునే ఎత్తు నుంచి తీయండి. ఇది చలాన్ తెలిసిన రోజే చేయాలి. మీరు ఫిర్యాదు ఇచ్చాక అక్కడ కొత్త స్తంభం మొలిస్తే మీ దగ్గరున్న తేదీ ఫోటోయే దిక్కు.

ఇంకా గట్టిగా కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కమిషనరేట్ ట్రాఫిక్ విభాగం ప్రజా సమాచార అధికారికి, 10 రూపాయల ఫీజుతో. అడగాల్సినవి రెండే: ఆ రోడ్డులో ఫలానా స్తంభం నుంచి ఫలానా స్తంభం వరకు పార్కింగ్ నిషేధిస్తూ ఇచ్చిన ఉత్తర్వు నకలు, మీ చలాన్‌కి సంబంధించి తీసిన ఫోటోలన్నీ. 'ఎందుకు వేశారు' అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. జవాబుకి గడువు 30 రోజులు. అంతవరకు అర్జీ ఆపకండి, రెండూ సమాంతరంగా నడపండి.

బోయిన్‌పల్లి గారూ, మీ చలాన్లలో మొదటిదాన్ని కూడా ఈ దారిలో కొట్టేయించాలని చూడొచ్చు. కానీ మెయిన్ రోడ్డు మీద, షాపు షట్టర్ ముందు అంటున్నారు. నా లెక్క ప్రకారం మొదటిది కట్టి రెండోది తీయించుకోవడమే మీకు లాభం. కట్టడం మాత్రం రెండోది తేలాకే.

కొత్తపేట_కెమెరా:

మెసేజ్ రాలేదన్నారు కాబట్టి ఒక మాట. ఎలక్ట్రానిక్ పరికరాలతో వేసే చలాన్లకి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167-ఏ అని 2021లో చేర్చారు. తప్పు జరిగాక నిర్ణీత గడువులోగా నోటీసు పంపాలి, తప్పూ నంబర్ ప్లేటూ స్పష్టంగా కనిపించే ఫోటో ఉండాలి, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షనో రాసి ఉండాలి. ఆ నిబంధన కిందికి వచ్చే తప్పుల జాబితాలో పార్కింగ్ కూడా ఉంది. మీ ఫోటోలో ప్లేటు కనిపిస్తోంది గానీ తప్పేమిటో కనిపించడం లేదు: రోడ్డు అంచు లేదు, గీత లేదు, అడ్డంకి లేదు. అర్జీలో ఒక వాక్యంగా రాయండి.

అయితే దీన్నే బ్రహ్మాస్త్రం అనుకోవద్దు. మెసేజ్ అందకపోవడానికి మామూలుగా కారణం ఆర్సీలో పాత ఫోన్ నంబరు ఉండటం. డీలర్ నంబరో, షోరూం వాళ్ళు కొట్టిన ఏదో నంబరో ఉన్న బండ్లు కోకొల్లలు. ముందు రవాణా శాఖలో ఫోన్ నంబరు, చిరునామా సరిచేయించుకోండి. లేకపోతే 'మేం పంపాం' అంటారు, అదీ నిజమే అవుతుంది.

ఉప్పల్_స్కూటీ:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. రెండేళ్ళ కిందట అమ్మేసిన స్కూటీకి ఇప్పుడు పార్కింగ్ చలాన్లు పడుతున్నాయి, ఆర్సీ ఇంకా పాత పేరుతోనే ఉందట. అమ్మినట్టు స్టాంపు పేపర్ మీద రాసుకున్న కాగితం ఉంది. అది పంపితే పోతాయా అండీ?

నోటీసు_బోర్డు:

స్టాంపు పేపర్ ఒక్కదానితో పోవమ్మా. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే యజమాని. 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవాళ్ళదే. ఫారం 29 అందుకే ఉంది, ఫారం 30 పేరు మార్పిడికి. కొన్నవాడు దొరికితే ఇప్పుడైనా రెండూ పెట్టించి పేరు మార్పించండి. దొరక్కపోతే ఆ కాగితం, అతని ఆధార్ నకలు, డబ్బు అందిన బ్యాంకు వివరాలతో ఆర్టీఏలో రాతపూర్వకంగా ఇవ్వండి, పోలీసులకి ఒక కాపీ. పడిన చలాన్లు పోతాయో లేదో తర్వాతి సంగతి. ముందు బండి మీ మెడకి చుట్టుకోకుండా చూసుకోండి. ఇన్సూరెన్స్ అయిపోయాక ఆ బండితో రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే నష్టపరిహారం కేసులో మొదటి పేరు మీదే ఉంటుంది.

అమీర్‌పేట_అద్దెకారు:

ఇంత తతంగం ఎందుకండీ, ఊరికే ఉంచుకుంటే డిస్కౌంట్ వస్తుంది, అప్పుడు కట్టేస్తే పోలా? 2022 మార్చిలో బైకులకి 75 శాతం, కార్లకి 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబర్ చివర్లో బైకులకి, ఆటోలకి 80, కార్లకి 60.

చలానా_చదువరి:

అవి వచ్చాయి, నిజమే. మళ్ళీ ఎప్పుడొస్తాయో చెప్పే నాథుడు లేడు. 'ఈ నెల 50 శాతం' అని వాట్సాప్‌లో తిరిగేవి చాలామటుకు ఉత్తుత్తివే, పోలీసులు ఖండించాల్సి వస్తుంటుంది. అసలు పాయింటు ఏమిటంటే, తప్పు చేసి కట్టడానికి వెనకాడేవాళ్ళకి డిస్కౌంట్ లాభం. తప్పే లేదని చెప్పదలచుకున్నవాళ్ళకి ఆలస్యం నష్టం. అపార్ట్‌మెంట్ సీసీ కెమెరాలో పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది, సర్వీస్ సెంటర్ జాబ్ కార్డు దొరకదు, ఆ రోజు బండి ఎక్కడుందో మీకే గుర్తుండదు.

బండి ఆ టైములో వేరేచోట ఉందని చూపాలంటే పనికొచ్చేవి: ఔటర్ రింగ్ రోడ్డు టోల్ దాటిన ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, ఆఫీసు పార్కింగ్ గేటు రికార్డు, పెట్రోల్ బంకు బిల్లు మీద బండి నంబరు, సర్వీస్ సెంటర్ రసీదు. ఫోన్ లొకేషన్ హిస్టరీ బలహీనం, అది ఫోన్ ఎక్కడుందో చెప్తుంది, బండి ఎక్కడుందో చెప్పదు. బండి చెడిపోయి ఆగిన కేసైతే మెకానిక్ బిల్లు కంటే టోయింగ్ కోసం ఫోన్ చేసిన టైము కనిపించే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మెసేజ్ గట్టి రుజువు, ఎందుకంటే బిల్లు ఎప్పుడైనా రాయించుకోవచ్చని వాళ్ళకి తెలుసు.

నాంపల్లి_వాయిదా:

కోర్టు సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చెప్తున్నా.

అర్జీ తోసిపుచ్చారనుకోండి, మీకు రెండు దారులు: కట్టడం, లేదా 'నేను రాజీకి ఒప్పుకోను, కోర్టుకి పంపండి' అని రాతపూర్వకంగా ఇవ్వడం. కోర్టుకి వెళ్తే సమన్లు వస్తాయి, అందులో ఏ కోర్టో, ఏ తేదీనో ఉంటుంది. చిన్న కేసు కాబట్టి 208వ సెక్షన్ కింద క్లుప్త విచారణ. సమన్లలో 'తప్పు ఒప్పుకుని ఇంత పంపితే సరి' అనే వీలు కూడా ఇవ్వొచ్చు. మీరు పోరాడదలిస్తే ఆ సొమ్ము పంపకుండా తేదీకి స్వయంగా వెళ్ళి తప్పు ఒప్పుకోవడం లేదని చెప్పాలి. లాయర్ తప్పనిసరి కాదు. ఒరిజినల్ ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, ఇన్‌వార్డ్ స్టాంపు ఉన్న అర్జీ, ప్రింటు తీసిన ఫోటోలు తీసుకెళ్ళండి. పోలీసు ఫోటో ఎలక్ట్రానిక్ సాక్ష్యం, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం దానికి ధ్రువపత్రం కావాలి. మీ ఫోన్ ఫోటోలకీ అదే నియమం వర్తిస్తుంది, అది మర్చిపోతారు అందరూ.

వెళ్ళేముందు తూకం వేసుకోవాల్సింది ఒకటుంది. చలాన్‌లో ఉన్నది రాజీ రేటు. తెలంగాణలో అది చాలావరకు 2011 నాటి జీవో 108 ప్రకారం ఉంటుంది, అందుకే తక్కువ. కోర్టులో ఓడితే మేజిస్ట్రేటు ఆ రేటుకి కట్టుబడక్కర్లేదు. 2019 సవరణ తర్వాత 177వ సెక్షన్‌లో మొదటి తప్పుకి 500, తర్వాతి తప్పుకి 1,500 వరకు ఉంది. పైగా మీ రోజు కూలి, వాయిదాలు. ఒక్క పార్కింగ్ చలాన్ కోసం కోర్టుకి పొమ్మని నేనైతే చెప్పను. నంబరు దొంగిలించి ఎవరో వాడుతున్నప్పుడు, లేదా ఇరవై ముప్పై చలాన్లు తప్పుగా పేరుకుపోయినప్పుడు వెళ్ళాలి.

'ఆర్నెల్లు దాటితే చలాన్ చెల్లదు' అని ఇంకో మాట తిరుగుతుంటుంది. సగం నిజం. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని కోర్టు విచారణకి తీసుకోవడానికి గడువు ఆరు నెలలే, నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 514లో ఉంది. కానీ ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకి ఉంది, పైగా కోర్టు తీసుకోనంత మాత్రాన సైట్‌లో పెండింగ్ దానంతటది పోదు. బండి అమ్మబోతే కొనేవాడు మొదట చూసేది ఆ జాబితానే.

బోయిన్‌పల్లి_బండి:

చాలా థాంక్స్ అందరికీ. అర్జీ రెండోదాని మీదే పెడతాను. చివరగా ఒకటి: మా వీధిలో ఒకరి కారుకి చక్రానికి క్లాంపు వేశారు. దానికీ ఇదే పద్ధతా?

నోటీసు_బోర్డు:

అభ్యంతరం చెప్పే పద్ధతి అదే గానీ ముందు బండి విడిపించుకోవాలి. నిషేధం ఉన్న చోట పెట్టిన బండికి క్లాంపు వేయడానికీ, క్రేన్‌తో ఎత్తుకెళ్ళడానికీ 127వ సెక్షన్ అధికారం ఇస్తుంది, తరలింపు ఖర్చు కూడా యజమానే భరించాలి. క్లాంపుని రాడ్డుతో వంచడం, టైరు విప్పి తీయడం చేయొద్దు, పార్కింగ్ కేసు కాస్తా ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కేసవుతుంది. అద్దానికి అంటించిన కాగితం మీద ఉన్న నంబరుకి ఫోన్ చేయాలి. ఎత్తుకెళ్ళిన బండైతే స్టేషన్‌లో రసీదు మీద సంతకం పెట్టేముందు బండి చుట్టూ వీడియో తీసి, కొత్త గీతలుంటే ఆ రసీదు మీదే రాయించుకోండి. గేటు దాటాక చెప్తే అది ఎప్పటి గీతో ఎవరు తేలుస్తారు? ఇక్కడ ఖర్చు కట్టక తప్పదు కాబట్టి, కడుతూనే 'అభ్యంతరంతో చెల్లించాను' అని అర్జీలో రాసి అదే రోజు ఇవ్వండి.

అమీర్‌పేట_అద్దెకారు:

మాల్ పార్కింగ్‌లో ఎక్కువ గుంజితే కూడా ట్రాఫిక్ వాళ్ళకేనా?

చలానా_చదువరి:

కాదు, అది పురపాలక శాఖ సంగతి. 2018 మార్చి 20 నాటి జీవో 63 ప్రకారం మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి 30 నిమిషాలు ఎవరికైనా ఉచితం. 30 నిమిషాల నుంచి గంటవరకు ఎంత చిన్న బిల్లు చూపినా ఉచితం. గంట దాటితే పార్కింగ్ ఛార్జీ కంటే బిల్లు ఎక్కువుంటే ఉచితం. మల్టీప్లెక్స్ కాని విడి థియేటర్లకి 2021లో వసూలు చేసుకునే వీలిచ్చారు, వాటితో కలిపి వాదించకండి. టోకెన్, షాపింగ్ బిల్లు రెండూ టైము కనిపించేలా ఫోటో తీసి ఆ మాల్ ఉన్న పరిధి నగరపాలక సంస్థకి ఫిర్యాదు చేయండి. టోకెన్‌ని గేటు దగ్గర వెనక్కి తీసేసుకుంటారు, ఇచ్చేముందే ఫోటో తీయాలి.

కొత్తపేట_కెమెరా:

ఇంకో రెండు ముక్కలు. 'మీ బండికి చలాన్ పడింది, వివరాలకి ఈ ఫైల్ తెరవండి' అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించేది) వస్తే ముట్టుకోవద్దు. ఇన్‌స్టాల్ అయితే ఓటీపీలన్నీ అవతలివాడికి పోతాయి. అసలు సైట్ చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అనే ఉంటుంది, మెసేజ్‌లో వచ్చిన లింకు కాకుండా మీరే టైప్ చేసి తెరవండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930.

బోయిన్‌పల్లి గారూ, మీరు తీసిన ఫోటోలని వాట్సాప్‌లో ఇంట్లోవాళ్ళకి పంపించి, అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి దింపుకోకండి. మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి, తీసిన తేదీ, చోటు వివరాలు ఎగిరిపోతాయి. కేబుల్‌తో ఎక్కించండి, లేదా 'డాక్యుమెంట్'గా పంపండి. ఎర్ర సున్నాలు గీసేది కాపీ మీద గీయండి, అసలు ఫైలు అలాగే ఉంచండి.